మడమ ఒకటి చెబుతోంది, చేతి వాచీ ఇంకొకటి చెబుతోంది

ప్రశ్న: ఒడిశాలోని బరంపురం నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. సారాంశం ఇది. వయసు 48. పట్టుచీరల కొట్టు నడుపుతున్నారు. రెండేళ్ల కిందట మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 6.2 వచ్చింది, బరువు 84 కిలోలు. నడకతో మొదలుపెట్టి పరుగులోకి దిగారు. ఇప్పుడు బరువు 74, షుగర్ సగటు 5.8. పది కిలోమీటర్లు 62 నిమిషాల్లో పరిగెత్తారు. ఆ ఊపులో, రోజూ తెల్లవారుజామున గోపాల్‌పూర్ రోడ్డులో తనతో పరిగెత్తే కుర్రాళ్ల ముందు ‘జనవరి ఆఖరికి హాఫ్ మారథాన్ (21.1 కిలోమీటర్లు), రెండు గంటల లోపు’ అని మాటిచ్చేశారు. బావమరిది ఒక శిక్షణ పట్టిక పంపాడు. దాని ప్రకారం నెల తిరక్కుండా వారానికి 20 కిలోమీటర్ల పరుగు 38కి పెరిగింది. ఆదివారాలు గోపాల్‌పూర్ ఇసుకలో వట్టికాళ్లతో పరుగు. అదే నెలలో మడమ ఎత్తులేని పల్చటి కొత్త షూ.

జూలై నుంచి ఎడమ మడమ వెనక నొప్పి. పొద్దున మంచం దిగి వేసే మొదటి పది అడుగులు నరకం, తర్వాత సర్దుకుంటుంది, సాయంత్రానికి మళ్లీ పట్టేస్తుంది. నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తుతున్నారు. దీనికి తోడు ఈమధ్య వాచీలో గుండె వేగం 178 అని కనిపించింది. ‘220లోంచి వయసు తీసేస్తే 172 కదా, దాటిపోయిందంటే ప్రమాదమా?’ అని భయం. వీరి నాన్నగారు 54వ ఏట గుండెపోటుతో పోయారు. ఆ వాచీ అంకె భార్య కంట పడింది. ఆవిడ ఆ కొత్త షూ తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. ‘పరుగు మానాలా? మాటిచ్చి తప్పితే ఆ కుర్రాళ్లకి మొహం ఎలా చూపించను?’ అని అడుగుతున్నారు.

సమాధానం: మీ ఉత్తరంలో మూడు ముళ్లున్నాయి. మడమ, గుండె, ఇచ్చిన మాట. మూడింటినీ కలిపి ‘పరుగు మానాలా, వద్దా’ అనే ఒక్క ప్రశ్నగా అడిగారు. మీ ఆవిడ గుండె కోసం షూ దాచారు, మీరు మాట కోసం మడమ మీద మాత్రలు వేస్తున్నారు. ఇద్దరూ మాట్లాడుకుంటున్నది ఒకే విషయం గురించి కాదు. విడివిడిగా చూద్దాం. ముందు గుండె, ఎందుకంటే మిగతా రెండూ ఆగుతాయి.

ఆ 178 గుండెది కాకపోవచ్చు. చేతికి కట్టుకునే వాచీ చర్మం మీదికి పచ్చటి వెలుతురు పంపి, రక్తం కదలికని బట్టి లెక్క కడుతుంది. పట్టీ వదులైనా, చెమట పట్టినా, చెయ్యి ఊగినా అది నాడిని వదిలేసి అడుగుల లయని పట్టుకుంటుంది. పరిగెత్తేవాళ్లు చాలామంది నిమిషానికి 160 నుంచి 180 అడుగులు వేస్తారు. అంటే వాచీ చూపించింది మీ కాళ్ల లెక్క అయ్యుండొచ్చు. పరుగు మొదలెట్టిన రెండు మూడు నిమిషాలకే అంకె 120 నుంచి 178కి ఎగిరి అక్కడే నిలిచిపోయిందంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. తేల్చుకోవడం తేలిక. ఆగగానే మెడ పక్కన రెండు వేళ్లు పెట్టి 15 సెకన్లు నాడి లెక్కించి నాలుగుతో హెచ్చవేయండి. ఇంకా కచ్చితంగా కావాలంటే ఛాతీకి కట్టుకునే పట్టీ దొరుకుతుంది. వాచీ పట్టీని మణికట్టు ఎముకకి రెండు వేళ్లు పైన, బిగువుగా కట్టినా కొన్ని తప్పులు తగ్గుతాయి.

ఇక ఆ 220 సూత్రం. అది సగటు మాత్రమే. మనిషికీ మనిషికీ అటూ ఇటూ పది పన్నెండు తేడా మామూలు. 208లోంచి వయసులో పదింట ఏడు వంతులు తీసేసే లెక్క ఇంకొకటుంది. దాని ప్రకారం మీకు 174. 172 దాటడం గీత దాటడం కాదు. మీ సొంత గరిష్ఠం 180 అయినా వింత లేదు.

వాచీ తప్పు చెప్పిందని తేలినంత మాత్రాన మీ ఆవిడ భయం తప్పని కాదు. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్ల లోపు గుండెజబ్బు వస్తే వైద్యులు దాన్ని ప్రమాద సూచనగానే లెక్కేస్తారు. మీ నాన్నగారికి 54. మన దక్షిణాసియా వాళ్లకి మొదటి గుండెపోటు మిగతా దేశాల వాళ్లకన్నా సుమారు ఐదారేళ్లు ముందే వస్తుందని పెద్ద అధ్యయనాలు తేల్చాయి. మీ షుగర్ 5.8 కూడా ఇంకా అంచు మీదే ఉంది. 5.7 నుంచి 6.4 దాకా షుగరుకి ముందు దశే. కాబట్టి మీరు పరుగుని పెంచే ముందు పరీక్ష చేయించుకోవాల్సిన మనిషే. రెండేళ్లు పరిగెత్తాక చేయించుకోవడమేమిటని సిగ్గుపడకండి.

ఏమేం అడగాలి? బీపీ, ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ మీద నడిపించే టీఎంటీ, కొవ్వుల పరీక్ష. దానితోపాటు జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలే లైపోప్రోటీన్ ‘ఎ’ అనే రక్తపరీక్ష. ఇది వంశంలో వచ్చేది, మామూలు కొవ్వుల పరీక్షలో బయటపడదు, మీ కుటుంబ చరిత్రకి ఇది ముఖ్యం. టీఎంటీ బాగుంటే రక్తప్రవాహాన్ని అడ్డుకునేంత పెద్ద పూడిక ఉండే అవకాశం తక్కువని అర్థం. చిన్న పూడికలు అసలే లేవని అర్థం కాదు. ఆ సందేహం మిగిలితే డాక్టరు కాల్షియం స్కోరు అనే సీటీ స్కాన్ చెప్పొచ్చు. ఒక్క మాట: మీరు పరిగెత్తే మనిషినని, ఎంత దూరం ఎంత వేగమో ముందే చెప్పండి. మామూలు రోగిని ఆపినట్టు ఎనిమిది నిమిషాలకే మిమ్మల్ని ట్రెడ్‌మిల్ దించేస్తే, మీరు రోడ్డు మీద పెట్టే శ్రమని ఆ యంత్రం చూడనే చూడదు.

శ్రమలో ఛాతీ బరువెక్కడం, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కళ్లు తిరగడం, అలవాటైన వేగానికే కొత్తగా ఆయాసం, గుండె లయ తప్పి కొట్టుకోవడం. వీటిలో ఏదొచ్చినా ఆ రోజు పరుగు అక్కడితో ఆగాలి, డాక్టరు చూసేదాకా మళ్లీ మొదలవ్వకూడదు. ‘గ్యాస్ అయ్యుంటుంది’ అని సోడా తాగి ఊరుకునే అలవాటు మన ఇళ్లలో బాగా ఉంది కాబట్టి చెప్పాల్సి వస్తోంది.

పరీక్షకి మీ ఆవిడని వెంట తీసుకెళ్లండి. రిపోర్టు తెచ్చి చూపించడం వేరు, డాక్టరు నోటి మాట ఆవిడే వినడం వేరు. ఆవిడ అడగాలనుకున్నవి ఆవిడే అడుగుతారు. ఆ ఇంట్లో మామగారి చావు చూసిన మనిషి. ‘నీకేం తెలీదు’ అని కొట్టిపారేస్తే బీరువా తాళం ఇంకో రూపంలో వస్తుంది. ఇంకో పని కూడా చేయొచ్చు. మీ పరుగు బృందం మొత్తం గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కే పద్ధతి నేర్చుకోండి. ఛాతీ మధ్య ఎముక మీద రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతుకి నొక్కాలి. ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. మీ ఆవిడా నేర్చుకోవచ్చు.

ఇప్పుడు మడమ. దీన్ని మనం మడమ నరం అనేస్తాం గానీ అది నరం కాదు. పిక్క కండరాన్ని మడమ ఎముకకి కట్టిన తాడు. డాక్టర్లు అకిలిస్ టెండన్ అంటారు. పిక్కబలం చూపించడమంటే పారిపోవడమని ఊరికే అనలేదు పెద్దలు. పరుగు బరువంతా మోసేది పిక్క, ఆ తాడు. మీ కష్టానికి అసలు కారణం ఇక్కడుంది: గుండె, ఊపిరి, కండరం కొన్ని వారాల్లో బలపడతాయి, ఈ తాడుకి నెలలు పడుతుంది. దానికి రక్తప్రసరణ తక్కువ. నలభై దాటాక మరమ్మతు ఇంకా నిదానం, షుగర్ అంచు మీద ఉంటే మరీ నిదానం. ఊపిరి అందుతోంది కదా అని మీరు దూరం పెంచుకుంటూ పోయారు. ఊపిరి చెప్పింది నిజమే, తాడు తరఫున అది మాట్లాడలేదంతే.

బావమరిది పట్టిక తప్పని నేననను. ముప్పయ్యేళ్లవాడికి, అదివరకే వారానికి 35 కిలోమీటర్లు పరిగెత్తేవాడికి అది బాగానే పనిచేస్తుంది. మీరు ఒకే నెలలో మూడు మార్పులు చేశారు. దూరం దాదాపు రెట్టింపు. షూలో మడమ ఎత్తు తగ్గించారు, అది తగ్గేకొద్దీ తాడు ఎక్కువ సాగాలి. మెత్తటి ఇసుకలో మడమ దిగబడుతుంది, అది ఇంకా సాగాలి. పైగా ఏ తీరమైనా సముద్రం వైపు వాలి ఉంటుంది, ఒకే వైపు పరిగెడితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. మూడింట్లో ఏ ఒక్కటైనా మీ కాలు సహించేదేమో. దానికి తోడు రోజంతా కొట్లో రాతి నేల మీద వట్టికాళ్లతో నిలబడతారని రాశారు. ఉత్తరంలో ఆ ముక్క మీరు ఏదో మాటవరసకి రాశారు గానీ నాకు అది చిన్నదిగా కనిపించలేదు. కొట్లో చెప్పులు వేయకూడదన్న పట్టింపు ఉంటే, గల్లా పెట్టె దగ్గర మందపాటి రబ్బరు చాప వేయించండి.

ఇంకొకటి అడగాలి. జూన్‌లో విరేచనాలు పట్టుకుంటే మందుల షాపువాడు ఇచ్చిన మాత్రలు ఐదు రోజులు వాడానని రాశారు. ఆ అట్ట దొరికితే మందు పేరు చివర ‘ఫ్లాక్సాసిన్’ అని ఉందేమో చూడండి. సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ ఇవన్నీ ఒకే జాతి. కొద్దిమందిలో ఈ మందులు ఇదే తాడుని దెబ్బతీస్తాయి. వాడుతుండగానే కాదు, మానేసిన కొన్ని నెలల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. అదే కారణమని నేననడం లేదు, జూన్ మాత్రలు, జూలై నొప్పి అని తారీఖులు కలుస్తున్నాయి కాబట్టి డాక్టరుకి చెప్పి తీరాలి. ఇకముందు ఈ జాతి మందు ఎవరు రాసినా ‘నాకు మడమ తాడు నొప్పి ఉంది’ అని ముందే చెప్పండి.

నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తడం మాత్రం ఈ రోజే ఆపండి. నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆగాలో తెలియదు. గోపాల్‌పూర్ ఉక్కలో చెమట కారి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు కిడ్నీల మీద భారం వేస్తాయి. మడమ తాడులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తే వారంలో తగ్గిపోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, తాడు తెగే ప్రమాదం పెరుగుతుంది. ఎప్పుడైనా వెనకనుంచి ఎవరో తన్నినట్టు ‘టప్’ మని తెలిసి, ఆ తర్వాత మునివేళ్ల మీద లేవలేకపోతే తాడు తెగిందని అనుమానించి అదే రోజు ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

నొప్పి ఎక్కడుందో వేలితో నొక్కి చూడండి. మడమ ఎముకకి రెండు నుంచి ఆరు సెంటీమీటర్ల పైనా, లేక తాడు ఎముకకి అతుక్కునే చోటేనా? పైన అయితే ఇప్పుడు చెప్పబోయే వ్యాయామం మెట్టు అంచు మీద చెయ్యాలి. ఎముక దగ్గరయితే సమతల నేల మీదే చెయ్యాలి, మడమని మెట్టు కిందికి దించితే అక్కడ ఒరుసుకుని నొప్పి పెరుగుతుంది.

మొదటి రెండు వారాలు: గోడకి చేతులు ఆనించి రెండు మడమలూ ఎత్తి 45 సెకన్లు కదలకుండా నిలబడాలి. రెండు నిమిషాలు విశ్రాంతి. అలా ఐదు సార్లు, రోజూ. తర్వాత అసలు వ్యాయామం. రెండు కాళ్లతో మునివేళ్ల మీదికి లేచి, బరువు ఎడమ కాలి మీదికి మార్చి, మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగాలి. మళ్లీ పైకి లేవడం రెండు కాళ్లతోనే. పదిహేను సార్లు ఒక విడత, మోకాలు నిటారుగా పెట్టి మూడు విడతలు, కొద్దిగా వంచి మూడు విడతలు. వంచితే పిక్క లోపలి కండరానికి పని తగులుతుంది, చాలామంది దాన్ని ఎగ్గొట్టేస్తారు. పొద్దునా సాయంత్రం, పన్నెండు వారాలు. నొప్పి లేకుండా చేయగలిగినప్పుడు వీపున సంచీలో బరువు వేసుకోవాలి. 5 కిలోలతో మొదలు. మీకు తూకానికి కరువేముంది, పట్టుచీరలు పేర్చి కాటా మీద పెట్టి చూసుకోండి.

వ్యాయామంలో కొంత నొప్పి ఉంటుంది. సున్నా నుంచి పది దాకా కొలబద్ద అనుకుంటే నాలుగు దాకా పర్వాలేదు. అసలు తీర్పు మర్నాడు పొద్దున మంచం దిగినప్పుడు వస్తుంది. నిన్నటికన్నా బిగుతు ఎక్కువుంటే నిన్న చేసింది ఎక్కువయింది. ఆరో వారానికి ‘ఏమీ తగ్గలేదు’ అని విసిగి మానేసేవాళ్లే ఎక్కువ. ఆ తర్వాతే మార్పు తెలుస్తుంది.

ఈలోగా పరుగు? పూర్తిగా మానేస్తే తాడు ఇంకా బలహీనపడుతుంది. బాగా బరువు మోసిన తాడులో మొదటి ఒకటి ఒకటిన్నర రోజు లోపల అల్లుకునేదానికన్నా విడిపోయేది ఎక్కువ, ఆ తర్వాతే అల్లిక పైచేయి అవుతుంది. అందుకని వరసగా రెండు రోజులు పరుగు వద్దు. మంగళ, గురు, ఆదివారాలు, చదును తారురోడ్డు మీద, రోజుకి ఐదు కిలోమీటర్లు, మాట్లాడుతూ పరిగెత్తగలిగే వేగం. ఇసుక, గుట్ట, వేగపు పందేలు అన్నీ బంద్. మిగతా రోజుల్లో సైకిలు తొక్కండి. బరంపురం నుంచి గోపాల్‌పూర్ పదహారు కిలోమీటర్లు, పోయి రావడం గంటన్నర, రెండు గంటల పని, పెడల్‌ని పాదం మధ్యతో తొక్కితే పిక్క మీద భారం అంతగా పడదు. ఈత కూడా మంచిదే గానీ గోపాల్‌పూర్ సముద్రంలో మాత్రం కాదు, అక్కడి లోపలి లాగుడు నమ్మదగింది కాదు.

ఇప్పుడు ఇచ్చిన మాట. కొంచెం లెక్క వేద్దాం. 21.1 కిలోమీటర్లు రెండు గంటల్లో అంటే కిలోమీటరుకి 5 నిమిషాల 41 సెకన్లు. మీ పది కిలోమీటర్లు 62 నిమిషాలు, అంటే కిలోమీటరుకి 6 నిమిషాల 12 సెకన్లు. దూరం పెరిగేకొద్దీ వేగం ఎంత తగ్గుతుందో చెప్పే మామూలు సూత్రం ప్రకారం మీ 62 నిమిషాలు హాఫ్ మారథాన్‌లో 2 గంటల 17 నిమిషాలవుతుంది. రెండు గంటలకి చేరాలంటే పది కిలోమీటర్లు 54 నిమిషాల్లో రావాలి. కాలు బాగున్నా జనవరికి ఆ ఎనిమిది నిమిషాలు తీయడం కష్టమే. మీ మాట మడమ నొప్పితో తప్పడం లేదు. ఇచ్చిన రోజే అది గట్టిది కాదు.

మీ ముందు మూడు దార్లున్నాయి. మొదటిది, పట్టిక ప్రకారమే వెళ్లడం. మడమ నొప్పి ముదిరి ఏడాదిపాటు వెంటాడొచ్చు. పరుగు అప్పుడు మీరు మానడం కాదు, అదే మిమ్మల్ని మానేస్తుంది, తగ్గిన పది కిలోలు తిరిగొస్తాయి. రెండోది, ఈ జనవరి వదిలేసి పన్నెండు వారాల వ్యాయామం పూర్తిచేసి, పది కిలోమీటర్లని 54కి తెచ్చుకుని, ఆ తర్వాతి ఏడాది రెండు గంటలకి గురిపెట్టడం. మాట ఏడాది వాయిదా పడుతుంది, నిలబడే అవకాశం ఉంటుంది. మూడోది, డాక్టరు సరేనంటే, జనవరిలోనే నాలుగు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక పద్ధతిలో రెండున్నర గంటలకి పూర్తిచేయడం. 1972 ఒలింపిక్స్‌లో పదివేల మీటర్లు పరిగెత్తిన జెఫ్ గాలోవే ఈ పరుగు-నడక పద్ధతిని ప్రపంచమంతా ప్రచారం చేశాడు. నడక మొదటి నాలుగు నిమిషాలకే మొదలవ్వాలి, అలసిపోయాక కాదు.

మూడో దారి పట్టేట్టయితే నవంబరు నడిమి దాకా పైన చెప్పినదే, ఆదివారం పరుగు మాత్రం మెల్లగా ఎనిమిదికి. అక్కడినుంచి ఆదివారాలు 9, 10, 8, 12, 13, 10, 14, 16 కిలోమీటర్లు. మధ్యలో తగ్గినవి పొరపాటు కాదు, తాడు అల్లుకునే వారాలు. పందెం ముందు ఆదివారం 10 చాలు. ఎడమ కాలు ఒక్కదాని మీద ఇరవైసార్లు మునివేళ్లకి లేవలేకపోతే ఈ పట్టిక మొదలుపెట్టకండి. ఒక చిక్కు మీ వ్యాపారంలో ఉంది. దసరా నుంచి పెళ్లిళ్ల దాకా మీకు సీజను, రాత్రి పదకొండింటికి కొట్టు కట్టి నాలుగున్నరకి లేవడం కుదరదు. నిద్ర తక్కువైన మర్నాడు పరుగు మానేసి మెట్టు వ్యాయామం ఒక్కటే చెయ్యండి. అక్టోబరు తుఫాన్ల నెల కూడా, 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది ఆ నెల 12నే. రోడ్డు లేకపోయినా మెట్టు ఉంటుంది.

నా మొగ్గు రెండో దారికి. మీకు పందెం ముఖ్యమైతే మూడోదీ తప్పు కాదు. కుర్రాళ్లకి ఏం చెప్పాలంటారా? లెక్క చెప్పండి. 62, 54 అన్న అంకెలు పరిగెత్తేవాళ్లకి వెంటనే అర్థమవుతాయి. నెమ్మది పరుగు నామోషీ అనిపిస్తే కెనడా ఎడ్ విట్లాక్ సంగతీ చెప్పండి. ఇంటి దగ్గర శ్మశానవాటికలో చుట్లు తిరుగుతూ గంటలకొద్దీ మెల్లగా పరిగెత్తేవాడు. 2004లో, 73వ ఏట, పూర్తి మారథాన్ 2 గంటల 54 నిమిషాల్లో ముగించాడు.

తిండి గురించి రెండే మాటలు. నలభై దాటాక కండరం నిలవాలంటే మాంసకృత్తులు పెరగాలి. మీ బరువుకి రోజుకి 90 నుంచి 110 గ్రాములు. పొద్దున చద్దన్నం, పఖాళ (ఒడిశా వాళ్ల నీళ్లన్నం) మీద ఆధారపడితే అది రాదు. పక్కన రెండు గుడ్లు వేసుకుంటే పన్నెండు పదమూడు గ్రాములు, మధ్యాహ్నం వంద గ్రాముల చేపతో ఇరవై, మిగతాది పప్పు, ఉలవలు, పెరుగు. నీళ్లకి కొలత తూకమే. పరుగు ముందూ తర్వాతా బరువు చూసుకోండి, తగ్గిన కిలోకి లీటరు. పరుగు తర్వాత బరువు పెరిగిందంటే నీళ్లు ఎక్కువ తాగుతున్నట్టు, అదీ ప్రమాదమే.

చివరిగా ఆ బీరువా. దాచిన ఆ కొత్త జతని మీ ఆవిడ దగ్గరే ఉంచమనండి, మడమ ఎత్తులేని ఆ షూ ఈ ఏడాది మీ కాలికి పనికిరావు. పాతవి రెండేళ్లు తొక్కారు కాబట్టి వాటి అడుగూ అరిగిపోయే ఉంటుంది, అయిదారు వందల కిలోమీటర్లు దాటాక మెత్తదనం తగ్గుతూ వస్తుంది. ముందు భాగం కన్నా మడమ పది, పన్నెండు మిల్లీమీటర్ల ఎత్తున్న జత కావాలి. పరీక్షల రిపోర్టులు చేతికొచ్చాక, కొనడానికి ఇద్దరూ కలిసి వెళ్లండి.